తూము మూయడం తెలిసిన కణం

1995 జూలై 6 నాటి ‘నేచర్’ సంచికలో రెండు పరిశోధన పత్రాలు ఒకదాని వెనకే ఒకటి అచ్చయ్యాయి. రెండూ టొరంటోలో జానెట్ రోసాంట్, మార్టిన్ బ్రైట్‌మన్‌ల బృందం చేసినవే. రక్తనాళాల లోపొరలో ఉండే రెండు రిసెప్టర్లలో, అంటే కబురు అందుకునే ప్రోటీన్లలో, ఒక్కోదాన్ని విడివిడిగా ఎలుక పిండాల్లోంచి తీసేసి ఏమవుతుందో చూశారు వాళ్ళు. మొదటిది తీసేసిన పిండాల్లో అసలు రక్తనాళాలే ఏర్పడలేదు. తొమ్మిదో రోజు అటూ ఇటూగా అవి చచ్చిపోయాయి. ఇందులో వింతేమీ లేదు. రెండోది తీసేసిన పిండాలూ దాదాపు అదే వేళకి పోయాయి గాని, కారణం పూర్తిగా తలకిందులు. అక్కడ లోపొర కణాలు తక్కువ కాలేదు. లెక్కకు మించి పుట్టుకొచ్చి, వరసా క్రమం లేకుండా పేరుకుని, రక్తం పారవలసిన దారిలోకి కూడా చొరబడ్డాయి.

ఈ రెండు రిసెప్టర్లూ కాచుకుని ఉండేది ఒకే ప్రోటీన్ కోసం. దాని పేరు వాస్క్యులర్ ఎండోథీలియల్ గ్రోత్ ఫ్యాక్టర్, పొట్టిగా వీఈజీఎఫ్. 1983లో బోస్టన్‌లో డోనాల్డ్ సెంగర్, హెరాల్డ్ డ్వోరాక్‌లు దీన్ని రక్తనాళాల నుంచి ద్రవం కారేలా చేసే పదార్థంగా పట్టుకున్నారు. 1989లో కాలిఫోర్నియాలో నెపోలియోన్ ఫెరారా బృందం లోపొర కణాలను పెంచే పదార్థంగా పట్టుకుంది. పోల్చి చూస్తే రెండూ ఒకటేనని తేలింది. దీన్ని అందుకునే రిసెప్టర్లకు వీఈజీఎఫ్ రిసెప్టర్-1, రిసెప్టర్-2 అని పేర్లు. ఇక్కడ ఆర్-1, ఆర్-2 అనుకుందాం. పెరగమన్న కబురును కణంలోకి చేరవేసేది ప్రధానంగా ఆర్-2. మొదటి పత్రంలో తీసేసింది దాన్నే, అది లేకపోతే నాళాలు లేవు. మరి రెండో పత్రంలో తీసేసిన ఆర్-1 చేసే పనేమిటి?

ఆ ముడి విప్పింది టోక్యోలో మసబుమి షిబుయా బృందం, 1998లో. వాళ్ళు ఆర్-1ను మొత్తంగా పీకేయలేదు. కణం లోపల ఉండే భాగాన్ని, అంటే కబురు చేరవేయాల్సిన భాగాన్ని మాత్రం కోసేసి, బయటి భాగాన్ని అలాగే ఉంచారు. ఆ ఎలుకలు సలక్షణంగా పుట్టాయి, పెరిగాయి. అంటే పిండం బతకడానికి ఆర్-1 కబురు మోయనక్కర్లేదు, వీఈజీఎఫ్‌ను పట్టుకుని ఊరికే కూర్చుంటే చాలు. ఆర్-2 కంటే అది వీఈజీఎఫ్‌ను పదింతలు గట్టిగా పట్టుకుంటుంది. పట్టుకున్నాక లోపల చేసే సందడి మాత్రం చాలా తక్కువ. ఆర్-2 చేతికి మరీ ఎక్కువ అందకుండా చూడటమే దాని ఉద్యోగం.

కాలవ మీద పనిచేసే మంచి లస్కరును చూస్తే తెలుస్తుంది, తూము ఎత్తడం ఎవరైనా ఎత్తుతారు, ఎప్పుడు ఎంత మూయాలో తెలియడమే అసలు పనితనం. లోపొర కణం పనితనమూ అంతే. పెరగమన్న కబురు వినడంలో దాని గొప్పేమీ లేదు. ఎంత వినాలి, ఎక్కడ నిలబడి వినాలి, ఎంతసేపు వినాలి, ఎప్పుడు చెవులు మూసుకోవాలి అన్నది తేల్చుకోవడంలో ఉంది గొప్పంతా. పాఠ్యపుస్తకాల్లో రిసెప్టర్ బొమ్మ వేసి, దాని కిందనుంచి బాణాలు గీసి వదిలేస్తారు. ఆ బాణాల బొమ్మలో ఈ పనితనం ఒక్క పిసరు కూడా కనబడదు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, వీఈజీఎఫ్ విషయంలో శరీరానికి తప్పు చేసే వెసులుబాటు లేదు. దాదాపు ప్రతి జన్యువుకూ మనలో రెండు ప్రతులుంటాయి, చాలా జన్యువులకు ఒకటి పోయినా రెండోదానితో గడిచిపోతుంది. వీఈజీఎఫ్‌కి గడవదు. ఒక్క ప్రతి పోయిన ఎలుక పిండాలే చచ్చిపోయాయని 1996లో రెండు బృందాలు వేర్వేరుగా చూపించాయి. సగం మోతాదు కూడా చావే. ఇంకోవైపు, పెద్దవాళ్ళ రక్తనాళాల్లో ఈ లోపొర కణాలు విభజన చెందడం చాలా అరుదు. ఒక్క కణం మందంతో గోడ కట్టుకుని ఏళ్ల తరబడి కదలకుండా కూర్చుంటాయి. గాయమైతేనో, ఏదో కండరానికి ఆక్సిజన్ చాలకపోతేనో గంటల్లో లేచి పనిలోకి దిగాలి. పని అయ్యాక మళ్ళీ నిద్రపోవాలి. ఆ నిద్ర కూడా సగం నిద్రే. వీఈజీఎఫ్ పూర్తిగా అందకపోతే అవి బతకవు కూడా. 2007లో ఎలుకల్లో లోపొర కణాలు తమకోసం తాము తయారుచేసుకునే కాస్త వీఈజీఎఫ్‌ను మాత్రమే ఆపేస్తే, చుట్టుపక్కల కణాల నుంచి వచ్చేది పుష్కలంగా ఉన్నా చాలా ఎలుకలు చచ్చిపోయాయి.

ఇక ఆర్-2 దగ్గరికి వద్దాం. మనిషిలో ఇది 1356 అమైనో ఆమ్లాల గొలుసు. కణం బయట ఏడు మడతల ముద్దలు, పొరలో ఒక్క మెట్టు, లోపల ఎంజైమ్ భాగం. వీఈజీఎఫ్ వచ్చి తగిలేది బయటినుంచి లెక్కిస్తే రెండో మూడో ముద్దల మీద. వీఈజీఎఫ్ తానే జంటగా ఉండే అణువు కాబట్టి ఒక్కటి వచ్చి రెండు ఆర్-2లను దగ్గరికి లాగుతుంది. అవి ఆనుకుని నిలబడ్డాక ఒకదాని తోక మీద ఒకటి ఫాస్ఫేట్ ముద్రలు వేసుకుంటాయి. ఆ ఫాస్ఫేట్ వచ్చేది ఏటీపీ నుంచి. ఏటీపీని 1929లో కండరం నుంచి వేరుచేసిన ఇద్దరిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన ఆ పని చేసిన ఏడే జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని కనుక్కున్నాడు. ఫాస్ఫేట్ కొలిచే ఫిస్క్-సుబ్బారావు పద్ధతిని బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఇప్పటికీ నేర్చుకుంటారు. దారి తప్పాననుకోకండి, ఈ కథలో ముద్ర వేసే సిరా అదే.

ఆ ముద్రలు పడే చోట్లలో ఒక్కదాన్ని దగ్గరగా చూస్తే చాలు. తోకలో 1175వ స్థానంలో టైరోసిన్ అనే అమైనో ఆమ్లం ఉంది. ఎలుకలో ఇదే 1173వది. 2005లో షిబుయా బృందం ఎలుకలో ఆ ఒక్క టైరోసిన్ తీసి, దాని స్థానంలో ఫీనైల్‌అలనిన్ పెట్టింది. ఈ రెండింటికీ తేడా ఒకే ఒక్క ఆక్సిజన్ పరమాణువు. ఫాస్ఫేట్ తగులుకునేది ఆ ఆక్సిజన్‌కే కనుక, అది లేకపోతే ముద్ర పడదు. ఆ పిండాలు ఆర్-2 మొత్తం లేని పిండాల్లాగే తొమ్మిదో రోజు అటూ ఇటూగా పోయాయి. అక్కడికి కొంచెం దూరంలో ఉన్న ఇంకో టైరోసిన్‌ను అలాగే మార్చితే ఎలుకలకు ఏమీ కాలేదు. వెయ్యికి పైగా అమైనో ఆమ్లాలున్న ఇంత పెద్ద ప్రోటీన్‌లో ప్రాణమంతా ఒక్క పరమాణువు మీద ఆధారపడి ఉండటం నాకు ఎన్నిసార్లు చదివినా నమ్మశక్యం కాదు.

ముద్ర వేయడం అయింది. చెరపడం సంగతి?

లోపొర కణాలు పక్కపక్కనే ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఆ పట్టుకునే ప్రోటీన్ పేరు వీఈ-కాడ్‌హెరిన్. ప్రసవమయ్యాక పారేసే బొడ్డుతాడులోని సిర నుంచి తీసిన లోపొర కణాలను 1973 నుంచి ప్రయోగశాలల్లో పెంచుతున్నారు. గిన్నెలో కణాలు పలచగా ఉన్నప్పుడు వీఈజీఎఫ్ వేస్తే జోరుగా పెరుగుతాయి. గిన్నె నిండి కణానికి కణం తగిలాక అదే వీఈజీఎఫ్ వేసినా పెద్దగా పట్టించుకోవు. ఎందుకో మిలాన్‌లో ఎలిజబెత్తా దెహానా బృందం 2003లో, మళ్ళీ 2006లో చూపించింది. కణాలు చేతులు కలిపిన చోట వీఈ-కాడ్‌హెరిన్ ఆర్-2ను తన దగ్గరికి లాక్కుంటుంది. అక్కడే ఫాస్ఫేట్ చెరిపే ఎంజైములు కాపలా ఉంటాయి. ముద్ర పడటమే తడవు చెరిగిపోతుంది. అంతకంటే ముఖ్యం, ఆ కలయిక ఆర్-2ను కణం పైనే పట్టి ఉంచుతుంది, లోపలికి పోనివ్వదు. వీఈ-కాడ్‌హెరిన్ లేని కణాల్లో ఆర్-2 చకచకా లోపలికి వెళ్ళి, అక్కడ ఎక్కువసేపు ముద్రతోనే తిరుగుతుంది. పక్కన మనిషి ఉంటే చాలు, గోడ పూర్తయిందని కణానికి అర్థమవుతుంది. వేరే ఎవరూ వచ్చి చెప్పక్కర్లేదు.

లోపలికి పోవడమంటే పని అయిపోయినట్టు కాదా అనిపిస్తుంది. చాలాకాలం శాస్త్రవేత్తలూ అలాగే అనుకున్నారు. వీఈజీఎఫ్ తగిలాక ఆర్-2 ఉన్న పొర ముక్క లోపలికి ముడుచుకుని, చిన్న సంచిలా తెగి, ఎండోసోమ్ అనే గదికి చేరుతుంది. ఇది చెత్తబుట్టకు దారి అనుకునేవాళ్ళు. నిజానికి గట్టి కబురు వెలువడేది ఆ లోపలి గదుల్లోంచే. 2010లో మైఖేల్ సైమన్స్ బృందం ఈ ప్రయాణాన్ని నెమ్మదింపజేసి చూసింది. సంచిని లోపలికి లాగే మయోసిన్-6 అనే మోటారు ప్రోటీన్ గాని, దాన్ని సంచికి తగిలించే సినెక్టిన్ గాని లేకపోతే, సంచి అంచు దగ్గరే తచ్చాడుతుంది. అక్కడ పీటీపీ-1బీ అనే ఎంజైమ్ ఉంటుంది. ఆలస్యమైన కొద్ది నిమిషాల్లో అది 1175 మీది ముద్రను చెరిపేస్తుంది. ఇంకేముంది, ధమనులు కొమ్మలు వేయడం తగ్గిపోతుంది. అదే ఆర్-2, అదే వీఈజీఎఫ్, ముద్ర పడిన తీరూ అదే. తేడా అంతా దారిలో ఎంతసేపు ఆగిందన్నదే. ఒక అవయవానికి ఎన్ని ధమనుల కొమ్మలు ఉండాలో ఒక సంచి నడిచే వేగం నిర్ణయిస్తుందంటే ఈ పనితనానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

అక్కడనుంచి ఆర్-2కు రెండు దారులు. ర్యాబ్-4, ర్యాబ్-11 అనే ప్రోటీన్లు పట్టుకున్న సంచుల్లో పడితే తిరిగి పైకి వస్తుంది. ర్యాబ్-7 పట్టుకున్న దారిలో పడితే లైసోసోమ్‌కు చేరి అరిగిపోతుంది. ఏది ఏ దారిన పోవాలో చాలావరకు తేల్చేది యుబిక్విటిన్ అనే చిన్న గుర్తు. వీఈజీఎఫ్ ఎక్కువగా తగిలినకొద్దీ ఆ గుర్తు ఎక్కువగా పడుతుంది, ఎక్కువ ఆర్-2లు అరుగుదలకు పోతాయి. కేక ఎంత గట్టిగా వినబడితే చెవులు అంత తగ్గించుకుంటుందన్నమాట. మరోపక్క ఎవరూ పిలవకపోయినా ఆర్-2లో కొంత భాగం ఎప్పుడూ లోపలి గదుల్లోనే నిల్వ ఉండి, పైకీ కిందకీ తిరుగుతూ ఉంటుంది. కబురు రాగానే కొత్తగా తయారుచేసే దాకా ఆగకుండా ఆ నిల్వలోంచి పైకి పంపుతుంది కణం.

ఇదంతా ఒక్క కణం సంగతి. కొత్త నాళం మొలిచేటప్పుడు చూడాలి దీని అందం. ఆక్సిజన్ చాలని కండరం వీఈజీఎఫ్ విడుదల చేస్తుంది. అది దగ్గర్లో చిక్కగా, దూరం పోయేకొద్దీ పలచగా పరుచుకుంటుంది. పాత నాళం గోడలోని కణాలన్నీ ఆ కబురు వింటాయి. అన్నీ లేచి కదిలితే గోడే ఉండదు. ఒక్క కణం ముందుకు నడవాలి, మిగతావి వెనక కాండంలా నిలబడాలి. ఎలుక పిల్లల రెటీనాలో ఈ ముందు నడిచే కణాలు సన్నని వేళ్ళు చాపుకుంటూ చిక్కదనం వైపే సాగుతాయని 2003లో హోల్గర్ గెర్‌హార్ట్ బృందం చూపించింది. ముందుకు నడిచే కణం పక్కదాన్ని డీఎల్‌ఎల్-4 అనే ప్రోటీన్‌తో తాకుతుంది. పక్కదానిలో నాచ్ అనే రిసెప్టర్ మేల్కొని, తన ఆర్-2ను తగ్గించుకుని, ఆర్-1ను పెంచుకుంటుంది. అంటే వినే చెవిని చిన్నది చేసుకుని, అడ్డుపెట్టే చేతిని పెద్దది చేసుకుంటుంది.

ఇక్కడితో ఆగితే ఇది నాయకుడూ అనుచరుల కథ అయ్యేది. 2010లో అదే గెర్‌హార్ట్ ప్రయోగశాల నుంచి వచ్చిన పత్రం దాన్ని మార్చేసింది. వేర్వేరు రంగుల కణాలు కలిపి, మొలకెత్తే నాళాన్ని గంటల తరబడి వీడియో తీస్తే, ముందు స్థానం ఎవరిదీ శాశ్వతం కాదని బయటపడింది. వెనకున్న కణం ముందుదాన్ని దాటేసి వెళ్తుంది, ముందున్నది వెనక్కి తగ్గుతుంది. ఆర్-2 ఎక్కువ, ఆర్-1 తక్కువ ఉన్న కణానికి ముందుకొచ్చే అవకాశం ఎక్కువ, అంతే. నాళం కొస మీద ప్రతి కణమూ తన ఆర్-1, ఆర్-2ల పాళ్ళు పక్కవాళ్ళతో పోల్చుకుంటూ నిమిష నిమిషం సర్దుకుంటూనే ఉంటుంది. ఈ మొత్తం పనిని పైనుంచి నడిపించే మేస్త్రీ అంటూ ఎవరూ లేరు.

రక్తం పారడం మొదలయ్యాక ఇంకో ఏర్పాటు ఉంది. గోడను ఒరుసుకుంటూ పోయే ప్రవాహం వల్ల, వీఈజీఎఫ్ లేకుండానే, ఆర్-2 కొద్దిగా మేలుకుంటుంది. కణాల కూడలిలో ఉండే పీకామ్-1, వీఈ-కాడ్‌హెరిన్‌లు ఆ ఒరిపిడిని ఆర్-2కు అందిస్తాయని 2005లో తేలింది. పెరగమన్న కబురు అందుకోవడానికి పుట్టిన రిసెప్టర్‌నే రక్తం బాగా పారుతోందని తెలుసుకోవడానికీ వాడుకుంటుంది కణం.

ఆర్-1కు ఇంకో రూపం కూడా ఉంది. కణం దాని బయటి భాగాన్ని మాత్రమే తయారుచేసి, పొరకు తగిలించకుండా బయటికి వదిలేయగలదు. దాన్ని కరిగే ఆర్-1 అంటారు. వీఈజీఎఫ్ ఎక్కడ తగిలితే అక్కడే పట్టుకుని కూర్చోవడమే దాని పని. మన కంటి కార్నియాలో ఒక్క రక్తనాళం కూడా ఉండకపోవడానికి కారణం ఇదేనని 2006లో అంబటి బాలమురళి, అంబటి జయకృష్ణ సోదరుల బృందం ‘నేచర్’లో రాసింది. ఎలుక కార్నియాలో కరిగే ఆర్-1ను అడ్డుకుంటే నాళాలు మొలిచాయి. మనాటీ అనే నీటి జంతువు కార్నియాలో రక్తనాళాలు ఉంటాయి. వెతికితే దాని కార్నియాలో కరిగే ఆర్-1 లేదు. ప్రకృతి తానే చేసి పెట్టిన ప్రయోగం అది.

ఇదే కరిగే ఆర్-1 మోతాదు మించితే ఏమవుతుందో గర్భిణుల్లో చూస్తాం. మాయ నుంచి అది రక్తంలోకి మరీ ఎక్కువగా వస్తే తల్లి రక్తనాళాలకు రోజువారీ అందాల్సిన వీఈజీఎఫ్ అందదు. 2003లో బోస్టన్‌లో అనంత్ కరుమంచి బృందం దాన్ని గర్భంతో ఉన్న ఎలుకలకు ఎక్కించింది. వాటికి బీపీ పెరిగింది, మూత్రంలో ప్రోటీన్ పడింది. ఈ రెండూ ప్రీఎక్లాంప్సియా లక్షణాలే. అదుపు తప్పితే వచ్చే ఫిట్స్‌నే మన ఊళ్ళలో గుర్రపువాతం అంటారు. మొలకెత్తే పని ఏదీ లేని పెద్ద వయసులో కూడా లోపొర కణాలు ఆర్-2 ద్వారా వచ్చే పలచని కబురుతో నైట్రిక్ ఆక్సైడ్ వదిలి నాళాలను సడలించి ఉంచుతాయి, మూత్రపిండాల్లో జల్లెడ గోడను నిలబెట్టుకుంటాయి. తూము పూర్తిగా మూసేస్తే ఈ రెండూ దెబ్బతింటాయి.

మనిషి ఈ పనితనాన్ని కొంత అనుకరించాడు. కంటి రెటీనా జబ్బులకు 2011 నుంచి వాడుతున్న అఫ్లిబెర్‌సెప్ట్ అనే మందులో ఆర్-1 నుంచి రెండో ముద్దను, ఆర్-2 నుంచి మూడో ముద్దను తీసి, యాంటీబాడీ తోకకు అతికించారు. కణం వదిలే కరిగే ఆర్-1కు అది మనిషి చేతిలో తయారైన తమ్ముడు. 2004లో పేగు క్యాన్సర్‌కు అనుమతి పొందిన బెవాసిజుమాబ్ నేరుగా వీఈజీఎఫ్‌నే పట్టుకునే యాంటీబాడీ. మందులు మంచివే. ఎన్నో కళ్ళు నిలబెట్టాయి, ఎందరికో ఆయుష్షు పొడిగించాయి. కానీ కణం చేసే పనితో పోలిస్తే ఇవి మొరటువి. నరంలోకి ఎక్కించిన మందుకు ఏ కణం పక్కవాడి చెయ్యి పట్టుకుని ఉంది, ఏ సంచి ఏ గదిలో ఉంది అన్న విచక్షణ లేదు. ఒంట్లో ఉన్న ప్రతి నాళం దగ్గరా ఒకేలా మూసేస్తుంది.

అందుకే క్యాన్సర్‌కు ఈ రకం మందు ఎక్కించుకునేవారిలో చాలామందికి బీపీ పెరుగుతుంది, కొందరికి మూత్రంలో ప్రోటీన్ పడుతుంది. ఇంట్లో ఎవరైనా ఈ వైద్యంలో ఉంటే, వాళ్ళకు బాగానే అనిపిస్తున్నా సరే, డాక్టరు చెప్పినప్పుడల్లా బీపీ చూపించండి, మూత్ర పరీక్ష మానిపించకండి.